వానగుంటలో గ్రీకు నాటకం

కాపెల్‌లో కొండ కావాలంటే నేతిబీరకాయలో నెయ్యి వెతుక్కున్నట్టే. టెక్సస్‌లో మేముండే వైపు నేలంతా చపాతీ పీటలా ఉంటుంది. మా మేడ మీద గది కిటికీలోంచి చూస్తే పక్క ఊరి వాటర్ ట్యాంక్ దాకా చూపుకి అడ్డొచ్చేది ఏదీ లేదు. అలాంటి ఊళ్లో ఒక శనివారం పొద్దున్న ఒకమ్మాయి మా తలుపు కొట్టి, చెప్పులు విప్పుతూ విప్పుతూనే, "అక్కా, మీ దిక్కు యాడనన్న గుట్ట ఉన్నదా?" అని అడిగింది.

"గుట్టెందుకమ్మా పొద్దున్నే?"

"నాటకం ఎయ్యడానికి."

ఆ అమ్మాయిది వరంగల్ దగ్గర ఊరు. ఎఫ్-1 వీసా మీద వచ్చి ఇక్కడి యూనివర్సిటీలో రంగస్థలం మీద మాస్టర్స్ చేస్తోంది. మా తెలుగువాళ్లకి ఈ మాట చెబితే ముందు నమ్మరు, నమ్మాక జాలిపడతారు. మా ఆయనైతే మొదటిసారి విని, "థియేటర్‌లో ఎంఎస్సా? అంటే ఏసీలు, టికెట్లు, పాప్‌కార్నూ చూసుకోవడమా?" అన్నారు. ఇంకెవరైనా అయితే నొచ్చుకునేవారు. ఆ పిల్ల మాత్రం సోఫా పట్టుకుని పడీ పడీ నవ్వింది. ఆ నవ్వుకే నేను పడిపోయాను.

ఇద్దరికీ పనికొచ్చే బేరం ఒకటి అప్పటికే కుదిరింది. మా తెలుగు సంఘానికి అక్టోబర్ పిక్నిక్‌లో పిల్లలచేత ఏదో ఒకటి చేయించాలి. ఆ అమ్మాయికి తన థీసిస్ కోసం ఒక నాటకాన్ని పాత గ్రీకుల పద్ధతిలో వేసి చూపించాలి. నాటకం తనే తెలుగులో రాసుకుంది. పిల్లలు మావాళ్లు, చదువు తనది. కాకపోతే ఆమె ప్రొఫెసర్లు ఒక షరతు పెట్టారు. పట్టపగలు వేయాలి, ఆరుబయట వేయాలి, మైకు ఉండకూడదు, వేషం కట్టినవాళ్లందరికీ మాస్కులుండాలి. వీటిలో ఏ ఒక్కటి తగ్గినా అది థీసిస్ కింద లెక్కకు రాదు. మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టేంత టైమూ లేదు, వీసా గడువూ లేదు.

"గ్రీకోళ్లు గుట్ట వాలు మీద కూసునేటోళ్లక్కా. ఆట కింద జరిగేది. వాలు ఉంటే మాట పైకొస్తది" అంది.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. తప్పులు పట్టడమే నా ఉద్యోగం, ఇంట్లోవాళ్లు దాన్ని నా స్వభావం అంటారు. గుట్ట లేని ఊళ్లో గుట్ట అడిగితే, లేదని చెప్పి ఊరుకోవడం నా చేత కాదు. ఆలోచించగా ఆలోచించగా వెలిగింది. పైకి లేచిన నేల లేకపోతేనేం, కిందికి దిగిన నేల ఉంది కదా! మా ఇళ్ల వెనక వాననీళ్లు పోవడానికి తవ్విన పెద్ద గుంట ఉంది. ఏడాదిలో చాలా భాగం ఎండిపోయి, గడ్డి మొలిచి, అడుగున గుండ్రంగా చదునుగా ఉంటుంది. చుట్టూ ఏటవాలు గట్లు. ఇన్నేళ్లుగా కుక్కల్ని తిప్పడానికి తప్ప దాని మొహం చూసినవాళ్లు లేరు.

అప్పటికప్పుడు ఇద్దరం వెళ్లాం. నన్ను గట్టు మీద నిలబెట్టి తను అడుగుకి దిగింది. అక్కడ నిలబడి, కేక వేయకుండా, మామూలు గొంతుతో, "అక్కా, ఛాయ్ పెట్టనే లేదు గదా మీరు" అంది.

పక్కనే నిలబడి అన్నట్టు వినిపించింది! నాకు చేతుల మీద వెంట్రుకలు లేచాయి. రెండున్నర వేల ఏళ్ల కిందటి మనుషులు ఈ కిటుకు కనిపెట్టారా, మేం దాన్ని వాననీళ్ల కోసం వాడుకుంటున్నామా అనిపించింది. "రా, పెడతాను!" అని గట్టు మీంచి అరిచాను. కుక్కని తిప్పుతున్న తెల్లాయన ఒకాయన నన్ను ఎగాదిగా చూసి తప్పుకుని పోయాడు.

ఆ రోజునుంచి మా శనాదివారాలు ఆ గుంటలోనే గడిచాయి. కాలనీ సంఘంవాళ్లని పర్మిషన్ అడిగితే గడ్డి పాడుచేయకపోతే చాలన్నారు. అడుగున సున్నంతో పెద్ద వలయం గీశాం. కోరస్ అనే పాటల బృందం ఆడేదీ పాడేదీ అందులోనే. దాని వెనక గ్రీకులకు ఒక గుడారం ఉండేదట. వేషాలు మార్చుకోవడానికి మొదట్లో వట్టి డేరా, తరవాత తరవాత చెక్కతో కట్టిన ఇల్లు. మేం పిక్నిక్ గుడారం ఒకటి వేసి మూడు వైపులా దుప్పట్లు కట్టాం. అదే రాజుగారి కోట. దానికి రెండు పక్కలా బృందం నడిచి రావడానికి దారులు.

ఆ అమ్మాయి చెప్పే ఒక్కో సంగతీ వింటుంటే నాకు కుదురుండేది కాదు. నాటకంలో ఎంతమంది మనుషులున్నా మాట్లాడే నటులు ముగ్గురేనట. ఆ ముగ్గురే గుడారంలోకి పోయి మాస్కు మార్చుకుని ఇంకొకరై తిరిగొస్తారు. బృందానికేమో పదిహేనుమంది. ఊళ్లో మామూలు మనుషులే, ఎవరి పని వాళ్లకుంటూనే నెలల తరబడి ఆటా పాటా నేర్చుకునేవారట. వాళ్ల ఖర్చు ఊళ్లో డబ్బున్నవాడొకడు భరించేవాడట. "మన ప్లాటినం స్పాన్సర్ అన్నమాట" అన్నాను. ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టేవారు. మా దగ్గర తిరగబడింది. మగపిల్లలందరినీ సాకర్ ఎత్తుకుపోతే మిగిలింది ఆడపిల్లలే. అందుకని మా రాజుకి రెండు జడలు.

కథ సులువైనది. ఒక రాజు తన తోట కోసం నదికి కట్ట వేసి కింది ఊళ్లని ఎండబెడతాడు. అతని తమ్ముడు ఎవరికీ చెప్పకుండా వెళ్లి ఆ కట్ట తెంచుతాడు, నీళ్లతోపాటు తనూ పోతాడు. కట్ట తెగడం గానీ చావు గానీ మన కళ్లకి కనపడవు. గ్రీకులు చావుని వేదిక మీద చూపించరట. ఒక దూత పరుగెత్తుకుంటూ వచ్చి, జరిగినదంతా రాజమాతకి నోటితో చెబుతాడు. నాటకానికి ఆయువుపట్టు ఆ దూత మాటలే. ఆ తరవాత చక్రాల బల్ల మీద శవాన్ని బయటికి లాక్కొస్తారు. దానికి మేం పిల్లల సాకర్ సామాన్లు లాగే బండిని పెట్టుకున్నాం.

దూత వేషం ఎవరికిచ్చారంటే, సంఘం తెలుగు బడిలో ఎప్పుడూ మొదటి బహుమతి కొట్టే పిల్లకి. ఆ పిల్ల తల్లి మా వీధి చివర ఉంటారు. ఆవిణ్ని ఇక్కడ దూత తల్లి అనుకుందాం. మా అమ్మాయికి పదమూడేళ్లు, ఎత్తులో ఇద్దరూ ఒకటే. దాన్ని బృందంలో ఎడమ వరసలో మూడో చోట నిలబెట్టారు.

నాకు చివుక్కుమంది. అది పొడగరి కావడంతో డాన్స్ క్లాసులో ఎప్పుడూ ఆఖరి వరసే. నా ఫోన్‌లో ఉన్న వీడియోలన్నిటిలోనూ పక్కపిల్లల మోచేతుల మధ్య దాని నుదురు కనిపిస్తుందంతే. పోనీ గొంతైనా విందామంటే, నేను తెలుగులో అడుగుతాను, అది ఇంగ్లీషులో జవాబిస్తుంది. చిన్నప్పుడు అమ్మా అమ్మా అని కొంగు పట్టుకుని తిరిగిన పిల్ల, బడికి వెళ్లడం మొదలెట్టాక మామ్ అంది, ఇక వెనక్కి రాలేదు. తెలుగు నాటకం అనగానే నేను ఎగిరి గంతేసింది అందుకే.

అలాంటి నా చేతికే మాస్కుల పని వచ్చింది! కూతురి మొహం చూడాలని మొహం వాచిపోయినదాన్ని, దాని మొహం కప్పే పని నాకే పడింది. అసలు గ్రీకు మాస్కులు ఒక్కటీ మిగల్లేదట. నారబట్టకి జిగురు పట్టించి చేసినవి, ఎప్పుడో చివికిపోయాయి. కుండల మీది బొమ్మలూ రాతి చెక్కడాలూ చూసి ఊహించుకోవాల్సిందే. గరాజ్‌లో బెలూన్లు ఊది, వాటి మీద పాతబట్ట ముక్కలు మైదా జిగురుతో పొరలు పొరలుగా అంటించాను. బట్ట చాలకపోతే మా ఆయన పెళ్లిపంచె కూడా చింపాను. ఆయన గరాజ్ తలుపు దగ్గర నిలబడి, "అది జ్ఞాపకంగా దాచుకున్నానే" అన్నారు.

"కట్టుకోరు, దాచుకుంటారు. ఇప్పుడు రాజమాత మొహం అయింది, ఇంతకన్నా గౌరవం ఏం కావాలి?" అన్నాను.

బృందం మాస్కులు అన్నీ ఒక్కలాగే ఉండాలి. పెద్ద కళ్లు, తెరిచిన నోరు. నేను జిగురు పూస్తుంటే మా అమ్మాయి పక్కన స్టూలు మీద కూర్చుని ఆరిన వాటికి రంగు వేసేది. వేస్తూ వేస్తూ ఏదో గొణిగేది. నాకు జిగురు గొడవలో సరిగ్గా వినపడేది కాదు. ఒకసారి మాత్రం విసుక్కుని, "ఆ గొణుగుడేదో ఆపి, నీ పాట నువ్వు నేర్చుకోవే" అన్నాను.

"ఐ నో మై పార్ట్, మామ్" అంది.

మాస్కుల ఫోటో ఒకటి వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాను. అంతే, తేనెతుట్టె కదిలింది. ఆ సాయంత్రమే జూమ్ మీటింగ్. దూత తల్లి మొదలుపెట్టారు.

"ఫేస్ కనపడకపోతే స్టేజ్ మీద ఎందుకండీ? ఆడియో రికార్డ్ చేసి పంపితే సరిపోతుందిగా. వీకెండ్స్ అన్నీ డ్రైవ్ చేసి తీసుకొచ్చాం. మా పేరెంట్స్‌కి ఇండియాలో ఏం చూపించమంటారు, ఒక అట్టముక్కా?"

మిగతా తల్లులందరి తలలూ చిన్న చిన్న గడుల్లో ఊగాయి. నా తల కూడా ఊగింది, దాచడం దేనికి. ఊగాకే గుర్తొచ్చింది, ఆ అట్టముక్కలు చేసింది నేనే అని.

"మాస్కులుంటే మా అమ్మాయిని మానిపించేస్తాను" అన్నారావిడ. ఇంకో నలుగురు తల్లులు కూడా అదే మాటన్నారు. ఐదుగురు పోతే బృందం లేదు, దూత లేదు, నాటకం లేదు. తెర మీద వరంగల్ అమ్మాయి గడి వైపు చూశాను. పెదవి కొరుక్కుంటోంది.

"ఆంటీ, మాస్క్ దాచనీకి కాదు. మస్తు దూరంల కూసున్నోళ్లకి కూడ మొహం కనపడాలని పెట్టేటోళ్లు. మాస్క్ తీసేస్తే ఇది గ్రీకు నాటకం కాదు. నా డిగ్రీ రాదు" అంది.

నాకెక్కడలేని కోపం వచ్చింది. వాళ్ల మీదా, వాళ్లతోపాటు ఊగిన నా తల మీదా. "ఏమండీ, ఒక చదువుకునే పిల్ల డిగ్రీ కన్నా మన వీడియోలు ఎక్కువా?" అని అరిచేశాను. ఐదు నిమిషాలు అందరూ అందర్నీ మ్యూట్ చేసుకోమనడంతో సరిపోయింది. చివరికి రాజీ కుదిరింది. నాటకం పూర్తయ్యేదాకా మాస్కులుంటాయి. అయిపోయిన క్షణంలో అందరూ వలయంలో నిలబడి మాస్కులు తీస్తారు, అప్పుడు ఎన్ని ఫోటోలు కావాలంటే అన్ని తీసుకోవచ్చు. దూత తల్లి, "సరేలెండి" అన్నారు గానీ, ఆ సరేలో ఏదో ఎత్తు ఉందని నాకప్పుడే అనిపించింది. దొంగకి దొంగ బుద్ధి తెలుస్తుంది కదా. నా బుర్రలోనూ ఒక ఎత్తు తిరుగుతోంది.

నాటకం రోజు రానే వచ్చింది. ఆదివారం పొద్దున్న, ఎండ లేతగా ఉంది. గట్టంతా దుప్పట్లు పరిచి జనం కూర్చున్నారు. పులిహోర డబ్బాలు, ఫ్లాస్కులు, గొడుగులు. గ్రీకులు కూడా పొద్దున్నించీ తింటూ తాగుతూ చూసేవారట, నచ్చకపోతే చేతిలోది విసిరేవారట. ఈ సంగతి తెలిసి మా ఆయన, "అయితే గారెలు వద్దు, దెబ్బ తగులుతుంది" అన్నారు. ఆ అమ్మాయి ప్రొఫెసర్లు ఇద్దరు, నెరిసిన జుట్టు ఆవిడా, పొడుగాటాయనా, పై వరసలో కూర్చుని కాగితాలు తీశారు.

మొదలు కావాల్సిన టైమ్ దాటింది. గుడారం దుప్పటి కదిలి ఆ అమ్మాయి బయటికొచ్చింది. మొహం పాలిపోయి ఉంది. తిన్నగా నా దగ్గరికి వచ్చి, "అక్కా, వేడినీళ్లున్నయా? తేనె ఏమన్న ఉన్నదా?" అంది.

"ఎవరికమ్మా? ఏమైంది?"

"ఏం కాలేదక్కా." ఫ్లాస్కు లాక్కుని వెళ్లిపోయింది. నేను లేవబోతే చెయ్యి అడ్డం పెట్టింది. గుడారంలోకి వేషం కట్టనివాళ్లు రాకూడదని మొదటినుంచీ తన నియమం. కూర్చున్నాను గానీ నా కళ్లు గుడారం మీంచి కదల్లేదు. ఈ ఒక్క పూట గట్టెక్కితే ఆ పిల్ల గట్టెక్కినట్టే.

పక్కకి చూస్తే దూత తల్లి. ఫోన్‌కి మూడు కాళ్ల స్టాండు తగిలించుకుని సిద్ధంగా ఉన్నారు.

స్కూల్ బ్యాండ్‌లో క్లారినెట్ వాయించే పిల్ల ఒకతి గుడారం పక్క నిలబడి సన్నగా ఊదింది. గట్టు మీద మాటలన్నీ ఆగిపోయాయి. పక్కదారిలోంచి బృందం వచ్చింది. తెల్లటి అంగీలు, ఒక్కలాంటి మొహాలు, అడుగులో అడుగు. గరాజ్‌లో బల్ల మీద పేర్చి ఉన్నప్పుడు అవి అట్టముక్కలే. ఇప్పుడు ఎండలో పదిహేను పెద్ద పెద్ద కళ్లు, కాదు ముప్ఫై, ఒక్కసారి మా వైపు తిరిగాయి. అమ్మ బాబోయ్! నేను చేసినవే నన్ను భయపెట్టాయి.

తేరుకుని నా ఎత్తు పారించబోయాను. ముందురోజు గుడికి వెళ్లినప్పుడు పూజారిగారిచ్చిన ఎర్రదారం మా అమ్మాయి కుడి మణికట్టుకి కట్టాను. "దేవుడి దారమే, మంచి జరుగుతుంది" అన్నాను. దేవుడి సంగతి తరవాత, తెల్ల అంగీల మధ్య ఎర్రగా అదొక్కటే కనపడుతుందని నా లెక్క. బృందం చేతులెత్తింది. పదిహేను కుడిచేతులు, పదిహేను ఎర్రదారాలు.

గట్టు మీద తల్లులందరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఎవరికి వారే, ఎవరికీ చెప్పకుండా, అదే గుడికి వెళ్లి అదే దారం కట్టించాం! దూత తల్లి ఫోన్ వెనక దాక్కున్నారు. పై వరసలో ప్రొఫెసర్‌గారు ఆ ఎర్రదారాల్ని చూసి మెచ్చుకోలుగా తలూపి ఏదో రాసుకున్నారు.

సరే, దారం పోతే పోయింది, చోటు ఉంది కదా. ఎడమ వరసలో మూడో పిల్ల. ఫోన్ ఆ పిల్ల మీదే పెట్టాను. అది తిరిగితే తిప్పాను, వంగితే వంచాను. ఎంత బాగా అడుగు వేస్తోందో నా తల్లి అనుకుంటూ మురిసిపోయాను. మనసులో వెయ్యి దిష్టులు తీశాను.

కథ నడిచింది. రాజు విర్రవీగాడు, రాజమాత బతిమాలింది. ఒక పిల్లే గుడారంలోకి పోయి మాస్కు మార్చుకుని వేరే మనిషై వస్తుంటే జనం మొదట నవ్వారు, తరవాత నవ్వడం మరిచిపోయారు. అప్పుడు కుడివైపు దారిలోంచి దూత పరుగెత్తుకుంటూ వచ్చింది. వలయం మధ్యకి వచ్చి ఆగి, రొప్పుతూ, చేతులు చాచింది.

"అమ్మా, విను. ఊరికి నీళ్లొచ్చాయి. ఎండిన పొలంలోకి వచ్చాయి. ఎండిన బావిలోకి వచ్చాయి. ఒట్టి కుండ పట్టుకుని నిలబడ్డ పిల్ల దగ్గరికి వచ్చాయి. నీ చిన్నకొడుకు తెచ్చాడమ్మా నీళ్లు. రెండు చేతులతో కట్ట తవ్వాడు. మేం పారిపొమ్మని అరిచాం. వాడు వినలేదు."

ఆ తెలుగులో కాస్త అమెరికా తిరుగుడు ఉంది. అక్కడక్కడా అక్షరం మెత్తగా జారుతోంది. అయినా ఆ గొంతు! మాస్కు నోట్లోంచి గుండ్రంగా, నిండుగా వచ్చి గట్టెక్కి నా ఒళ్లోకి వచ్చి కూర్చుంది. నా చేతిలో ఫోన్ ఇంకా మూడో పిల్ల మీదే ఉంది, నా కళ్లు మాత్రం దూతని వదల్లేదు.

సరిగ్గా అప్పుడే విమానం వచ్చింది. మాకు ఎయిర్‌పోర్ట్ దగ్గర. నిమిషానికొకటి నెత్తి మీంచి పోతాయి. ఇప్పటిదాకా ఎత్తున పోయినవి పోయాయి, ఇది మాత్రం కిందికి దిగుతూ చెవులు చిల్లులు పడేలా వచ్చింది. మైకు లేదు. మాట మునిగిపోతుంది, నాటకం అయిపోయిందనుకున్నాను. ప్రొఫెసర్ల పక్కన నిలబడ్డ ఆ అమ్మాయి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

దూత మాట ఆపింది. తొణకలేదు. మెల్లగా తల పైకెత్తి, కుడిచెయ్యి ఎత్తి, ఆ విమానాన్ని చూపిస్తూ నిలబడింది. ఎవరూ నేర్పని పని అది. బృందం కూడా పదిహేను మొహాలూ ఒక్కటిగా ఆకాశం వైపు ఎత్తింది. గ్రీకులు ఆఖర్లో దేవుణ్ని మోకు కట్టి పైనుంచి దింపేవారని ఆ అమ్మాయి చెప్పింది. మాకు మోకు లేదు, మర లేదు. దేవుడే తనంతట తాను వచ్చి, గుంట మీద నీడ పరిచి పోయినట్టుంది. గట్టు మీద పిల్లాపీచూ అందరూ పైకి చూశారు. మోత తగ్గింది. దూత చెయ్యి దించి, గొంతు తగ్గించి, "నీళ్లు ఇలాగే వచ్చాయమ్మా. ఇంత మోతతో. మోత ఆగాక చూస్తే నీ కొడుకు లేడు" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. పక్కన దూత తల్లి ముక్కు ఎగబీలుస్తూ, "మా అమ్మాయి వాయిస్ ఎంత మారిపోయిందో చూశారా, మాస్క్‌లోంచి అసలు గుర్తుపట్టలేకపోతున్నా" అన్నారు.

కుళ్లు లేదని చెప్పను. ఆవిడ కూతురు మహారాణిలా మధ్యలో నిలబడితే నా కూతురు మూడో చోట పెదవులు కదుపుతోంది. అయినా మనసు కరిగిపోయి ఉంది కదా, ఆవిడ చెయ్యి పట్టుకుని, "మీ కడుపు చల్లగా ఉండ, ఏం కన్నారండీ పిల్లని!" అన్నాను. ఆ మాట కడుపులోంచే వచ్చింది.

బండి మీద తెల్లబట్ట కప్పిన శవం వచ్చింది. రాజు కూలబడ్డాడు. బృందం పాడుకుంటూ నెమ్మదిగా వెళ్లిపోయింది. గుంట దద్దరిల్లింది. చప్పట్లు, ఈలలు, పై వరసలో ప్రొఫెసర్లు లేచి నిలబడి మరీ కొడుతున్నారు. ఒక్క గారె కూడా ఎవరూ విసరలేదు.

పిల్లలు తిరిగొచ్చి వలయంలో నిలబడ్డారు. ఒప్పందం ప్రకారం అందరూ మాస్కులు తీశారు.

ఎడమ వరసలో మూడో పిల్ల మాస్కు తీసింది. దూత తల్లి కూతురు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, మెడకి స్కార్ఫ్ చుట్టుకుంది. దూత మాస్కు తీసింది. చెమటకి జుట్టు నుదుటికి అంటుకుపోయి, ముక్కు మీద రంగు మరకతో, నా కూతురు.

నా చేతిలో ఫోన్ జారి పులిహోర డబ్బాలో పడింది.

జరిగిందేమిటంటే, ఆఖరి వారమంతా రోజూ రిహార్సల్స్‌లో మైకు లేకుండా అరిచి అరిచి దూత తల్లి కూతురికి గొంతు పోయింది. గుడారంలో నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. తేనె తాగించినా లాభం లేకపోయింది. నాటకం ఆపేద్దామా అని వరంగల్ అమ్మాయి ఏడవబోతుంటే మా అమ్మాయి దూత మాస్కు తీసుకుని తగిలించుకుందట. గొంతు పోయిన పిల్ల మా అమ్మాయి మాస్కు పెట్టుకుని బృందంలో చేరి, పాడకుండా అడుగులు వేసింది. మాస్కు వెనక ఎవరున్నారో ఊళ్లో ఎవరికీ తెలియలేదు. కన్నతల్లులకే తెలియలేదు!

దూత తల్లి ముందు కూతురి దగ్గరికి పరిగెత్తి నుదురు పట్టి చూశారు. తరవాత మా అమ్మాయి వైపు తిరిగి, "నీకు ఆ లైన్స్ అన్నీ ఎలా వచ్చమ్మా?" అన్నారు.

"నాకు అందరి లైన్స్ వచ్చు ఆంటీ. కోరస్ ఎప్పుడూ అక్కడే ఉంటుంది కదా. ప్రాక్టీస్‌లో వింటాను, మాస్క్ పెయింట్ చేస్తూ చెప్పుకుంటాను" అంది, ఇంగ్లీషులోనే.

గరాజ్‌లో స్టూలు మీది గొణుగుడు నాకప్పుడు వినిపించింది.

ఆవిడ తన ఫోన్ చూసుకున్నారు, నన్ను చూశారు. "అంటే ఇందాకట్నించి నేను మీ అమ్మాయి కోసం ఏడ్చానా?"

"నేను మీ అమ్మాయికి దిష్టి తీశానండీ, వెయ్యిసార్లు" అన్నాను.

ఇద్దరం ఒకరినొకరం పట్టుకుని నవ్వామో ఏడ్చామో తెలియదు. వరంగల్ అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చి మా ఇద్దరి మీదా పడింది. "పాసైన అక్కా! సార్ ఆ విమానం సంగతి ఎట్ల ప్లాన్ చేసినవని అడుగుతుండు!" అని అరిచింది. "మాస్క్ లేకుంటే ఇయ్యాల నాటకం ఆగిపోతుండె ఆంటీ" అని దూత తల్లితో అంటే, ఆవిడ "అవునమ్మా, అవును" అని ఆ పిల్ల జుట్టు సర్దారు. ఆ సాయంత్రమే ఆవిడ నాకు నా కూతుర్ని, నేను ఆవిడకి ఆవిడ కూతుర్ని వాట్సాప్‌లో పంపుకున్నాం.

ఇంటికొచ్చాక ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో. ప్రతిసారీ ఒకటే ముల్లు గుచ్చుకునేది. పదమూడేళ్లు పెంచాను, నా కూతురి తెలుగు నేను గుర్తుపట్టలేదు. విననిది ఎలా గుర్తుపడతాను? అది అమ్మా అన్నప్పుడు నేను పక్కావిణ్ని దీవించాను.

రాత్రి వంటకి కూరలు తరుగుతూ, మెట్లు దిగి వస్తున్న దాన్ని ఆపి, "ఒక్కసారి అను తల్లీ, ఆ మాటలు" అన్నాను.

"మామ్! నో. దట్స్ సో ఎంబరాసింగ్" అని గరాజ్‌లోకి పోయింది. నేను మళ్లీ కత్తి తీసుకుని బెండకాయల మీద పడ్డాను. అడగకుండా ఉండాల్సిందనుకున్నాను.

కాసేపటికి గరాజ్ తలుపు తెరుచుకుంది. గుమ్మంలో దూత. నైట్ ప్యాంటు, సాకర్ టీషర్టు, పైన మా ఆయన పెళ్లిపంచె మిగులుతో చేసిన ఆ పెద్ద కళ్ల మొహం.

"అమ్మా, ఆకలేస్తోంది" అంది.

ఏం తింటావే అని అడిగాను. మాస్కు తియ్యమని మాత్రం అనలేదు.